ముందు ఆవు, తర్వాతే పిండం: పద్మనాభం ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

విశాఖ దగ్గరి పద్మనాభం, ఆనందపురం మండలాల్లో పాడి రైతుల దగ్గరున్న జెర్సీ క్రాస్ ఆవుల్లో గిర్ అనే దేశవాళీ పాల జాతి ల్యాబ్ పిండాలు పెట్టే పని ఈ చలికాలం మొదలుపెడుతున్నాం. పిండం తయారుచేసి పంపడం ల్యాబ్ పని. దాన్ని మోసే ఆవును ఎంచుకోవడం, ఎదకు తీసుకురావడం, పిండం పెట్టడం, చూడి పరీక్ష చేయడం మా బృందం పని. కృత్రిమ గర్భధారణ ఏళ్ల తరబడి చేసిన చెయ్యే అయినా, ఇది వేరే పని. వీర్యం గొట్టం అయితే పదుల రూపాయల్లో దొరుకుతుంది, ఈసారి నిలవకపోతే మూడు వారాల తర్వాత మళ్లీ వేయొచ్చు. పిండం అలా కాదు. దాని వెనకాల ఒక మేలుజాతి ఆవు, ఒక ల్యాబ్, వారం రోజుల పెంపకం ఉంటాయి.

ఊళ్లో పెట్టిన మొదటి మీటింగులో అందరూ పిండం గురించే అడిగారు. తల్లి ఎన్ని లీటర్లిస్తుంది, ఆంబోతు ఎక్కడిది, పుట్టేది పెయ్య దూడేనా అని. చెప్పాను. దాత ఆవు అండాశయాల్లోంచి స్కానింగ్ చూసుకుంటూ సన్నటి సూదితో అండాలు తీస్తారు. ఇరవైరెండు, ఇరవైనాలుగు గంటలు ల్యాబ్‌లో పక్వానికి పెడతారు. తర్వాత వీర్యంతో కలిపి ఇంక్యుబేటరులో 38.5 డిగ్రీల దగ్గర పెంచితే ఏడో రోజుకు పిండం బ్లాస్టోసిస్ట్ దశకు, అంటే ఆవులో పెట్టడానికి తగిన దశకు వస్తుంది. లింగ నిర్ధారిత వీర్యం వాడతారు కాబట్టి పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి. మూపురమున్న మన జాతుల అండాశయాల్లో ఫాలికల్స్ (అండాలు పెరిగే నీటి బుడగలు) ఎక్కువ, అందుకే ఒక్కసారికి ఎక్కువ అండాలు వస్తాయి. మన ఒంగోలు గిత్తల సంతతే బ్రెజిల్‌లో నెలోర్ జాతి అయింది, ఆ దేశం ల్యాబ్ పిండాల్లో ప్రపంచానికి దారి చూపడానికి ఈ గుణం కూడా ఒక కారణం. ఈ మాట చెప్పినప్పుడు వెనక వరసలో కూర్చున్నవాళ్లు కూడా ముందుకు వచ్చారు.

ఒక పెద్దాయన అడిగాడు: "జెర్సీ కడుపులో గిర్ దూడ ఎలాగ పుడతాదమ్మా? పాలు ఈ ఆవు పోలికేటి, ఆ ఆవు పోలికేటి?"

"జాతి అండం నుంచీ వీర్యం నుంచీ వస్తుంది మావయ్యా. మీ ఆవు చోటిస్తుంది, రక్తమిస్తుంది, ఈని పాలిస్తుంది. దూడ మాత్రం గిర్‌దే" అన్నాను.

"అంటే మా ఆవే గట్టిదుండాల."

ఆయన అన్నదే ఈ ప్రాజెక్టుకు మూలం. ల్యాబ్ ఎంత మంచి పిండం పంపినా, అది నిలవడం నిలవకపోవడంలో పెద్ద వాటా మోసే ఆవుది. పిండం నాణ్యత మా చేతుల్లో లేదు. ఆవు ఎంపిక పూర్తిగా మా చేతుల్లోనే ఉంది. తగని ఆవుకు "ఈసారి వద్దు" అని చెప్పగలగడమే ఈ పనిలో అసలు నైపుణ్యమని నా నమ్మకం. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఈ వారం నుంచే తెలుస్తోంది.

పేర్లిచ్చిన ఆవుల్లో చాలావాటిని మొదటి చూపులోనే పక్కన పెట్టాం. ఈని రెండు నెలలు కూడా కానివి వద్దు. మాయ పడక ఇబ్బంది పడినవి, తీగల్లో (యోని నుంచి జారే జిగటలో) చీము కనిపించినవి వద్దు. రోజ్ బెంగాల్ రక్తపరీక్షలో బ్రూసెల్లా (చూలు పోగొట్టే అంటురోగం) అనుమానం వచ్చినవి అసలే వద్దు, వాటిని వేరుగా కట్టించి మళ్లీ పరీక్షకు పంపాం. కొందరు రైతులు ఎన్నిసార్లు కృత్రిమ గర్భధారణ సూది వేయించినా నిలవక తిరగబడే ఆవునే తెచ్చారు, "దీనికి ఎలాగూ నిలవట్లేదు, పిండమైనా పెట్టండి" అని. అలాంటివాటిలో కొన్నింటికి ఇది నిజంగా పనికొస్తుంది. అండంలోనో, ఫలదీకరణలోనో, మొదటి వారంలోనో లోపముంటే పిండం పెట్టడం ఆ దశలన్నీ దాటించేస్తుంది. గర్భాశయమే పాడై ఉంటే మాత్రం ఎంత మంచి పిండం పెట్టినా వృథా. రెండింటినీ వేరుచేయడానికి లోపల చెయ్యి పెట్టి, స్కాన్ చేసి చూడాల్సిందే.

ఇంకా ఒక్కసారీ ఈనని తరుపు పెయ్యలు ఎవరి దగ్గరున్నా అడిగి మరీ తీసుకున్నాం. పాలిచ్చే ఒత్తిడి ఉండదు, గర్భాశయం శుభ్రంగా ఉంటుంది, అందుకే సాధారణంగా పెయ్యల్లోనే ఫలితం బాగుంటుంది. ఒళ్లూ ఎదుగుదలా సరిపోయి, రెండు మూడు ఎదలు చూసినవై ఉండాలి, అంతే.

నవంబరు, మూడో వారం

ఈ వారమంతా మేత గురించే. రాయడానికి గొప్పగా అనిపించని పని, కానీ ప్రాజెక్టు సగం ఇక్కడే తేలిపోతుంది.

ఆవు ఒంటి తీరుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తాం. కంటితో చూసి వేస్తే జెర్సీ క్రాస్‌లలో మోసపోతాం, వెంట్రుక నున్నగా ఉంటే ఒళ్లున్నట్టే కనిపిస్తుంది. చెయ్యి పెట్టాలి. తుంటి ఎముకకీ పిర్ర ఎముకకీ మధ్య అరచెయ్యి ఆనిస్తే గుంట ఎంత లోతుందో తెలుస్తుంది. తోక మొదట్లో రెండు పక్కలా వేళ్లతో నొక్కితే కొవ్వు తగులుతుందా, ఎముకే తగులుతుందా చూడాలి. నడుము పక్కన అడ్డంగా ఉండే పొట్టి ఎముకల చివర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగితే ఆ ఆవు బక్కది. మాకు మూడు చుట్టుపక్కల కావాలి. రెండున్నరకు తగ్గితే వద్దు, నాలుగు దాటి కొవ్వెక్కినా వద్దు.

మార్కు కన్నా ముఖ్యం ఆవు ఎటు పోతోందన్నది. రెండున్నర నుంచి మూడుకు ఎక్కుతున్న ఆవు, మూడున్నర నుంచి మూడుకు జారుతున్న ఆవు, ఈ రోజు చూస్తే ఒకేలా ఉంటాయి. మొదటిది తిన్నదాన్ని ఒంటికి పట్టించుకుంటోంది. రెండోది తన కొవ్వు కరిగించి పాలు పోస్తోంది. రెండోదానికి పిండం పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు మార్కు వేశాం.

ఇక్కడి మేత ఎక్కువగా వరిగడ్డి, తవుడు, కొంచెం చెక్క, నీళ్లున్నవాళ్ల దగ్గర సూపర్ నేపియర్ గడ్డి. ఖనిజ లవణ మిశ్రమం చాలా ఇళ్లలో డబ్బా మూత కూడా తీయలేదు. రోజుకు 50 గ్రాములు దాణాలో కలపమని ఇంటింటికీ ఒక కొలత గరిటె ఇచ్చాం. పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాగించాం. గాలికుంటు టీకా ఇంకా వేయనివాటికి ఇప్పుడే వేసేశాం. పిండం పెట్టే రోజుల్లో టీకా వేస్తే జ్వరం తగిలే ప్రమాదం ఉంది, అప్పుడు వద్దు.

ఒక ఇంట్లో, పిండం పెడుతున్నారు కదా బలం కావాలని చెక్క ఒక్కసారిగా రెట్టింపు చేశారు. మనసు మంచిదే. కానీ శక్తికి మించి మాంసకృత్తులు పెడితే రక్తంలో యూరియా పెరుగుతుంది. యూరియా నైట్రోజన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా పోతే గర్భాశయం లోపలి వాతావరణం పిండానికి అనుకూలంగా ఉండదు. చెక్క తగ్గించి, ఆ ఖర్చుతోనే మొక్కజొన్న నూక పెట్టమన్నాను. ఆ ఇంటి ఇల్లాలు ఒక్క మాట అంది: "నాట్లకి ముందు దమ్ము సరిగా పట్టకపోతే నారు ఎంత మంచిదైతే ఏటి లాభం." మిగతా ఊళ్లలో ఆమె మాటనే చెప్పుకుంటూ వస్తున్నాను, నా వివరణ కన్నా అది తొందరగా ఎక్కుతోంది.

డిసెంబరు, మొదటి వారం

ఎంచిన ఆవులన్నింటినీ ఒకే సమయానికి ఎదకు తెచ్చే మందులు నవంబరు ఆఖరి వారంలోనే మొదలయ్యాయి. మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్ (అండం విడుదల చేయించే హార్మోన్) ఇంజెక్షన్, యోనిలో ప్రొజెస్టరాన్ హార్మోన్ వదిలే పరికరం. వారానికి పరికరం తీసి, ఎద రప్పించే ప్రొస్టాగ్లాండిన్ ఇంజెక్షన్. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఎద.

మందు తన పని తాను చేస్తుంది. ఎదను చూడటం మనిషి పని. ఇక్కడ ఆవులన్నీ పాకలో తాడుకు కట్టేసి ఉంటాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కే వీలే ఉండదు. అరుపు, తీగలు, మేత తగ్గడం చూసి చెప్పేస్తారు. అవన్నీ ఎద ముందూ ఉంటాయి, తర్వాతా ఉంటాయి. ఇంకో ఆవు ఎక్కితే కదలకుండా నిలబడిందా అన్నదే అసలు గుర్తు. అందుకని పొద్దున్న పాలు పితకగానే ఒకసారి, చీకటి పడేముందు ఒకసారి, రెండు మూడు ఆవుల్ని విప్పి కళ్లంలో వదలమన్నాం. తోక మొదట్లో రంగు కూడా పూశాం. రంగు చెరిగిపోతే ఏదో ఆవు ఎక్కినట్టే.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ల్యాబ్‌లో పిండం వయసు గంటల లెక్కన తెలుసు. అది ఏడు రోజుల పిండమైతే, ఆవు గర్భాశయం కూడా ఎద తర్వాత ఏడో రోజు స్థితిలో ఉండాలి. తేడా ఒక రోజు లోపయితే సర్దుకుంటుంది. అంతకు మించితే పిండం పంపే సంకేతం ఆవుకు అందాల్సిన వేళకు అందదు. అంటే "మొన్న ఎద కట్టిందండీ" అంటే సరిపోదు, మొన్న పొద్దునా, రాత్రా అన్నది కావాలి.

ఈ విషయంలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు చెప్పిన సమయాలు నమ్మకంగా ఉన్నాయి. పశువుల దగ్గర రెండు పూటలా ఉండేది వాళ్లే. ఒక ఇంట్లో గోడ క్యాలెండరు మీద తేదీ గడిలోనే పెన్సిలుతో రాసి ఉంది: "పొద్దున తీగలు. మద్యానం 3 నిలబడింది. రాత్రి వద్దంది." చదువు పెద్దగా లేని మనిషి రాసిన ఆ మూడు ముక్కల నుంచి నాకు కావాల్సిన గంట దొరికింది. అదే గడిలో తిథి, వర్జ్యం పక్కన. ఫొటో తీసి మిగతా ఇళ్లకు కూడా పంపాను, ఇలా రాయండి అని.

ఎద స్పష్టంగా చూపించిన ఆవుల్లో తర్వాత చూలు కూడా బాగా నిలుస్తుంది. ఎద గుర్తులేవీ చూపించకుండా, స్కానింగులో మాత్రం అండం విడుదలైనట్టు కనిపించేవి కొన్ని ఉంటాయి. అవి రెండో వరసలో ఉంటాయి. పిండాలు మిగిలితేనే వాటికి.

డిసెంబరు, రెండో వారం

పిండాలు తాజావి, గడ్డకట్టించనివి. రాత్రి ల్యాబ్ నుంచి వెచ్చని పెట్టెలో బయల్దేరి తెల్లారేసరికి వచ్చాయి. ప్రతి గొట్టం మీదా దశ, నాణ్యత అంకెలున్నాయి. దశ 7 అంటే నిండుగా ఉబ్బిన బ్లాస్టోసిస్ట్, నాణ్యత 1 అంటే మంచిది. ఏడో రోజుకే నిండుగా ఉబ్బిన పిండానికీ, ఎనిమిదో రోజుకు తంటాలుపడి అక్కడికి చేరినదానికీ బలంలో తేడా ఉంటుంది. నాణ్యత 1 ఉన్నవి మంచి ఆవులకు, 2 ఉన్నవి వాటి తర్వాతవాటికి అనుకున్నాం. బలహీనమైన పిండాన్ని బలహీనమైన ఆవులో పెడితే రెండు అవకాశాలూ పోయినట్టే.

పెట్టేముందు ప్రతి ఆవుకూ స్కాన్. ఎద తర్వాత అండం విడుదలైన చోట కార్పస్ లూటియం ఏర్పడుతుంది, మేం సీఎల్ అంటాం. చూలును నిలబెట్టే ప్రొజెస్టరాన్ దాన్నుంచే వస్తుంది. గర్భాశయం రెండు పాయలుగా ఉంటుంది, వాటిని కొమ్ములంటాం. సీఎల్ ఏ అండాశయం మీదుందో అటు కొమ్ములోనే పిండం పెట్టాలి. అవతలి కొమ్ములో పెడితే చూలు అవకాశం బాగా పడిపోతుంది. సీఎల్ రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే నాకు ధైర్యం. మధ్యలో నీటి గుంట ఉన్నా గోడ మందంగా ఉంటే పర్వాలేదు.

మొదట ఎక్కింది ఒక నల్ల మచ్చల పెయ్య. కుడి అండాశయం మీద 22 మిల్లీమీటర్ల సీఎల్. తోక మొదట్లో లిగ్నోకైన్ ఎపిడ్యూరల్ (వెన్నులో మత్తు ఇంజెక్షన్) ఇచ్చి రెండు నిమిషాలు ఆగాం. తోక జారగిలపడింది. యోని ద్వారం కడిగి, పొడి టిష్యూతో తుడిచి, పిండం పెట్టే గన్ మీద ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ఇంకో పల్చటి కవరు. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఆ పై కవరు చించి గన్ లోపలికి పోనిచ్చాను. పెయ్యల్లో ముఖద్వారం సన్నగా, మలుపులుగా ఉంటుంది, తొందరపడితే గోడకు గీరుకుంటుంది. ఎడమ చేత్తో ముఖద్వారాన్ని గన్ మీదికి ఎక్కించుకుంటూ పోవాలి గానీ గన్ను నెట్టకూడదు. కొమ్ము వంపు దాటి మధ్యదాకా వెళ్లి, నిదానంగా వదిలి, బయటికి తీశాను. తొడుగు కొన మీద రక్తం లేదు. అది చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. గర్భాశయాన్ని ఎక్కువసేపు పిసికినా, లోపల గీరుకున్నా ప్రొస్టాగ్లాండిన్ విడుదలవుతుంది. అది సీఎల్‌నే కరిగించే పదార్థం. ముఖద్వారం దాటడానికి ఐదు నిమిషాలకు మించి తిప్పలుపడితే ఆ ఆవులో ఆ రోజు పెట్టడం మానేయడమే మంచిది.

తర్వాత వచ్చినవాటిలో ఒక ఆవు ఒళ్లు బాగుంది, ఎద బాగుంది, మేత బాగుంది. స్కానులో సీఎల్ చిన్నది, ఒక సెంటీమీటరు పైన అంతే, పక్కనే పెద్ద ఫాలికల్. రైతు పొద్దున్నే కూలి మానుకుని ఆవును నడిపించుకొచ్చాడు.

"ఈసారికి వద్దు మావయ్యా."

"మందులన్నీ ఏశారు గదమ్మా. రోజూ సూత్తానే ఉన్నాం. ఇప్పుడు నేదంటే ఎలాగ?"

"పెడితే నిలవదు. నిలవకపోతే ఇంకో నెల పోతుంది, పిండం పోతుంది. ఇరవై రోజులాగి మళ్లీ చూద్దాం."

"పక్కోడి ఆవుకి పెట్టారు, నా ఆవుకి నేదు అంటారు ఊళ్లో."

ఆ మాట దగ్గర ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. చేతిలో పిండం ఉంది, ఎదురుగా ఆశగా మనిషి ఉన్నాడు. స్కాన్ తెరను ఆయన వైపు తిప్పి, ముందు పెయ్యకు కనిపించిన సీఎల్ ఫొటో పక్కన పెట్టి చూపించాను. రెండూ చాలాసేపు చూశాడు. "ఇది బాగా సిన్నదే" అని తాడు విప్పుకున్నాడు. ఈ పనిలో స్కానర్ నాకు ఎంత అవసరమో, రైతుకూ అంతే. కళ్లారా చూశాక ఒప్పుకోని రైతు ఇంతవరకు లేడు.

డిసెంబరు, ఆఖరి వారం

ఇప్పుడు ఎదురుచూడటమే. ఎద తర్వాత పదిహేను, పదిహేడు రోజుల మధ్య పిండం పొడవుగా సాగి, ఇంటర్‌ఫెరాన్ టావ్ అనే పదార్థాన్ని వదులుతుంది. "నేనున్నాను, సీఎల్‌ను కరిగించొద్దు" అని ఆవుకు అందే కబురు అదే. అది చాలినంత అందకపోతే ప్రొస్టాగ్లాండిన్ వస్తుంది, ఆవు మళ్లీ ఎదకు వస్తుంది. పిండం త్వరగా సాగాలంటే ప్రొజెస్టరాన్ మొదటి నుంచీ బాగుండాలి. సీఎల్ సైజు దగ్గర అంత పట్టుబట్టడం అందుకే.

పిండం పెట్టే రోజే హెచ్‌సీజీ అనే హార్మోన్ గానీ జీఎన్‌ఆర్‌హెచ్ గానీ ఇస్తే ఇంకో సీఎల్ వస్తుంది కదా, అందరికీ ఇచ్చేద్దామని బృందంలో ఒకరన్నారు. చదివిన ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి, కొన్ని మందల్లో లాభం కనిపించింది, కొన్నింటిలో లేదు. మంచి సీఎల్ ఉన్న ఆవుకు అవసరం లేదు, చెడ్డ సీఎల్ ఉన్న ఆవుకు అది దొడ్డిదారి అని నా అభిప్రాయం. ఈ విడతలో ఇవ్వలేదు.

రైతులకు చెప్పింది తక్కువే: ఆవును లారీ ఎక్కించొద్దు, సంతకు తోలొద్దు, మేత మార్చొద్దు, పెళ్లిళ్ల సీజన్ కదా అని ఆవును చుట్టాలింటి దొడ్లోకి మార్చొద్దు. రెండు పూటలా ఎద చూడటం మాత్రం ఆపొద్దు.

జనవరి, సంక్రాంతి ముందు

ముప్పై రోజుల స్కాన్ పూర్తయింది. తాజా ల్యాబ్ పిండాలతో సాధారణంగా 40 నుంచి 50 శాతం చూలు నిలుస్తుందంటారు. మావి ఆ అంచులోనే ఉన్నాయి. సంఖ్య చిన్నది కాబట్టి దీన్ని ఫలితమని ఎవరికీ చెప్పను. కానీ లోపల చూస్తే తీరు స్పష్టంగా ఉంది. పెయ్యలు ముందున్నాయి. మొదటి వరస ఆవుల్లో ఎక్కువ నిలిచాయి. ఎద చూపించని రెండో వరసలో దాదాపు అన్నీ ఖాళీ.

తెర మీద నల్లటి నీటిలో బియ్యపు గింజంత పిండం, అందులో మినుకుమినుకుమనే గుండె. ప్రతి రైతునూ పిలిచి చూపించాను. కానీ మిఠాయి పంచొద్దని కూడా చెప్పాను. పెద్దపండగ ముందు ఆ మాట చెప్పడం నాకూ బాధే. ల్యాబ్ పిండాల్లో ముప్పయ్యో రోజుకీ అరవయ్యో రోజుకీ మధ్య పోయేవి మామూలు చూలు కన్నా ఎక్కువ. మాయ సరిగా కుదురుకోకపోవడం దానికి పెద్ద కారణం.

ఫిబ్రవరి, మొదటి వారం

అరవై రోజుల పరీక్షలో కొన్ని పోయాయి. ఒకటి నన్ను బాగా కలచింది. పండగ ముందు గుండె చక్కగా కొట్టుకున్న పిండం, ఇప్పుడు నీరు మబ్బుగా, గుండె లేకుండా. ఆవు ఈసుకుపోయిన (చూలు పోయిన) గుర్తేమీ బయటికి చూపలేదు, మేత తింటోంది, పాలిస్తోంది. ఇంటివాళ్లు ఏం తప్పు చేశామని అడిగారు. ఏ తప్పూ చేయలేదు. అదే చెప్పాను, రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే పక్కింటివాళ్లు అప్పటికే దిష్టి అనీ, గడ్డి మార్చారనీ మొదలుపెట్టారు.

ఇకనుంచి మా పుస్తకంలో చూడి అని రాసేది అరవయ్యో రోజు తర్వాతే. ముప్పయ్యో రోజుది వేరే గడిలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద, ఐవీఎఫ్ (ల్యాబ్ పిండం)తో నిర్ధారణ అయిన చూలుకు 5,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఆ "నిర్ధారణ" మాటకు రైతు దృష్టిలో విలువ ఉండాలంటే మేం తొందరపడకూడదు.

మార్చి

రెండో విడత. ఈసారి పిండాలు గడ్డకట్టినవి, నైట్రోజన్ క్యానులో మైనస్ 196 డిగ్రీల దగ్గర. ల్యాబ్ పిండాల్లో కొవ్వు బిందువులు ఎక్కువ, మైక్రోస్కోపులో చూస్తే ఆవు కడుపులో పెరిగిన పిండం కన్నా ముదురు రంగులో కనిపిస్తాయి. గడ్డకట్టించడాన్ని అవి అంత బాగా తట్టుకోలేవు. అందుకే తాజావాటి కన్నా చూలు కొంత తక్కువే ఉంటుందని ముందే చెప్పేశాం.

కరిగించడంలో సెకన్ల లెక్క. క్యానులోంచి తీసి కొన్ని సెకన్లు గాలిలో, తర్వాత గోరువెచ్చని నీటిలో, తుడిచి వెంటనే గన్‌లోకి. ఆవు సిద్ధంగా, ఎపిడ్యూరల్ ఇచ్చి, కడిగి ఉన్నాకే గొట్టం తీయాలి. ల్యాబ్ ఇచ్చిన కాగితంలో ఎన్ని సెకన్లుంటే అన్నే. నీళ్ల ఫ్లాస్కులో థర్మామీటరు పెట్టి చూసే మనిషిని దానికే కేటాయించాం.

డిసెంబరులో వద్దన్న ఆవు ఈసారి 21 మిల్లీమీటర్ల సీఎల్‌తో వచ్చింది. పెట్టాం.

ఏప్రిల్

విశాఖ ఎండ అనంతపురం ఎండలాంటిది కాదు. అక్కడ ఎండ ఎక్కువ, గాలి పొడి. ఇక్కడ సముద్రపు తేమ. ఆవు ఒంటి చెమట ఆరదు, వేడి బయటికి పోదు. పాకలో పొడి, తడి థర్మామీటర్లు వేలాడదీసి లెక్క వేస్తున్నాం. రెండు ఉష్ణోగ్రతలూ కూడి, 0.72తో గుణించి, 40.6 కలిపితే వచ్చేదే వేడి, తేమల సూచిక. 72 దాటితే పాడి ఆవుకు ఇబ్బంది మొదలైనట్టు లెక్క. మధ్యాహ్నం పొడి 34, తడి 29. సూచిక 86. అది ఊహించిందే. నాకు టెన్షన్ పెట్టింది తెల్లవారుజాము లెక్క: పొడి 27, తడి 25.5, సూచిక 78. అంటే ఆవు రాత్రంతా కూడా చల్లబడటం లేదు. డిసెంబరులో అదే పాకలో అదే వేళకు 68 దగ్గర ఉండేది.

ఏడు రోజుల పిండం వేడిని కొంత తట్టుకుంటుంది. ఫలదీకరణ అయిన మొదటి రెండు మూడు రోజుల పిండమే వేడికి ఎక్కువ దెబ్బతింటుంది, ఆ రోజులు ల్యాబ్‌లో గడిచిపోతాయి. అందువల్ల వేసవిలో సూది వేయించడం కన్నా పిండం పెట్టడమే మేలని చాలామంది అంటారు, నిజమే. కానీ ఆవు మేత తగ్గింది, ఎదలు పేలవంగా ఉన్నాయి, స్కానులో చిన్న సీఎల్‌లు ఎక్కువయ్యాయి. వరసగా వద్దంటూ పోతున్నాం.

పాకల్లో చేయగలిగింది చేయించాం. రేకుల మీద కొబ్బరాకులు, ఫ్యాను, ఒంటి మీద నీళ్లు. నీళ్లు పోసి ఫ్యాను లేకుండా వదిలేస్తే ఈ తేమలో ఒరిగేదేం లేదు, రెండూ కలిసే ఉండాలి. కరెంటు పోయే ఊళ్లలో అది కుదరదు.

నెలాఖరున మిగిలిన గొట్టాలను వాడకుండా ఆపేయాలని నిర్ణయించాం. వానలు పడి రాత్రులు చల్లబడేదాకా పెట్టేది లేదు. కొంతమంది రైతులకు నచ్చలేదు. కానీ ద్రవ నైట్రోజన్‌లో ఉన్న పిండం ఏళ్లు గడిచినా చెడదు. క్యానులో మట్టం మాత్రం తగ్గకూడదు. కొలబద్దతో చూసి పుస్తకంలో రాసే పని ఇద్దరికి అప్పజెప్పాం, ఒకరు సెలవులో ఉంటే ఇంకొకరు.

జూలై

వానలు పడ్డాయి, పచ్చగడ్డి వచ్చింది, ఆవుల ఒళ్లు తిరిగి ఎక్కుతోంది. ఈ నెలలో మిగిలిన గొట్టాలు కొన్ని పెట్టాం.

మొదటి విడత చూళ్లు ఏడో నెల దాటాయి. సెప్టెంబరు రెండో, మూడో వారాల్లో ఈనాలి. ఎద రోజు నుంచి 283 రోజులు, ఓ వారం అటూ ఇటూ. పాలిస్తున్నవాటిని రెండు నెలల ముందు వట్టిపోనివ్వాలి కాబట్టి ఆ మాట ఈ నెలే ఇంటింటికీ చెప్పాం. ల్యాబ్ పిండాల దూడల్లో కొన్ని మామూలు కన్నా పెద్దగా పెరగడం, మాయలో నీరు ఎక్కువ పట్టడం ఇతర దేశాల్లో చూశారు. గిర్ దూడ పుట్టినప్పుడు మరీ పెద్దది కాదు, జెర్సీ క్రాస్ ఆవుకు భారం కాకపోవచ్చు. అయినా పెయ్యల మీద కన్ను వేసి ఉంచాం. పొట్ట ఒక్కసారిగా గుండ్రంగా ఉబ్బితే వెంటనే ఫోన్ చేయమన్నాం. తేదీ దాటి వారమైనా ఆగొద్దన్నాం.

డిసెంబరులో వద్దని, మార్చిలో పిండం పెట్టిన ఆ మావయ్య ఆవు అరవయ్యో రోజు దాటింది, చూడి అని పుస్తకంలో రాశాను.

దసరా తర్వాత మొదలుపెట్టే విడతకు కొత్త రికార్డు షీటు తయారుచేశాం. పాత దాంట్లో పిండం వివరాలకు తొమ్మిది గడులు, ఆవుకు మూడే ఉండేవి. కొత్తదాంట్లో ఆవు ఒంటి మార్కు రెండుసార్లు, ఎద నిలబడిన గంట, సీఎల్ ఎటువైపు, ఎన్ని మిల్లీమీటర్లు, పాకలో తెల్లవారుజాము సూచిక, తొడుగు కొన మీద రక్తం ఉందా లేదా అన్నవి వచ్చాయి. "వద్దన్న కారణం" అని ఇంకో గడి. పెట్టని ఆవుల షీట్లు కూడా ల్యాబ్‌కు పంపబోతున్నాం, వాళ్లు అడగకపోయినా.